మీ ఆధార్ ఎన్ని కంప్యూటర్లల్ల ఉన్నదో ఎరుకేనా

హనుమకొండల సుబేదారి నుంచి అదాలత్ దిక్కు నడుచుకుంట పోతే జిరాక్స్ సెంటర్లు, ఆన్‌లైన్ సెంటర్లు వరుసగ కనబడుతయి. దాదాపు ప్రతి సెంటర్ ముంగట ఒక నంబర్ రాసి ఉంటది, వాట్సాప్ చేయండి ప్రింట్ తీసుకోండి అని. మనం ఆధార్ పంపిస్తం, పాన్ కార్డు పంపిస్తం, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, పిల్లల మెమోలు, భూమి కాయితాలు, ఒక్కోసారి బిడ్డ పెళ్ళి బయోడేటా గూడ. కాపీ చేతికొస్తది, పైసలిచ్చి ఎల్లిపోతం. ఫైల్ మాత్రం ఆ సెంటర్ ఫోన్‌ల ఉంటది, ఆ ఫోన్‌కి కలిపిన కంప్యూటర్ల డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ల ఇంకో కాపీ ఉంటది, ఆ ఫోన్ బ్యాకప్ ఆన్ ఉంటే ఆ ఓనర్ మెయిల్ డ్రైవ్‌ల గూడ ఉంటది. రేపు ఆ కంప్యూటర్ పాతదైపోయి సెకండ్ హ్యాండ్‌ల అమ్మితే, హార్డ్ డిస్క్ తుడవకుంట అమ్మితే, అవన్ని ఎవరి ఇంటికి పోతయో ఎవరికి తెల్వదు.

నేను ఇట్లాంటి సెంటరే నడుపుతున్న, చానా ఏండ్ల సంది. అందుకే ఈ ముచ్చట నాకు దగ్గరగ తెలుసు, మా దగ్గర రోజు పొద్దుగూకంగ షట్టర్ దించే ముందు వాట్సాప్ చాట్లు, డౌన్‌లోడ్స్, రీసైకిల్ బిన్ అన్ని ఖాళీ చేసినంకనే సిస్టం బంద్ చేస్తం. పనికి కుదిరిన పిల్లగాళ్ళకు మొదటి రోజు నేర్పేది ప్రింట్ తీసుడు కాదు, డిలీట్ చేసుడు. కానీ ప్రతి దగ్గర ఇట్ల చేస్తరని నేను చెప్పలేను, చేయకపోతే అడిగేటోళ్ళు గూడ లేరు. మీరైతే అడగండి. "అన్నా, నా ముంగటనే డిలీట్ కొట్టు" అంటే ఎవ్వరు ఏమనుకోరు, నన్ను అడిగినోళ్ళు నాకు ఇంకింత నచ్చుతరు.

2022 మే నెలల ఒక ముచ్చట జరిగింది, కొందరికి యాదుండొచ్చు. ఆధార్ సంస్థ బెంగళూరు రీజినల్ ఆఫీస్ నుంచి ఒక ప్రకటన వచ్చింది, ఆధార్ జిరాక్సులు ఎవరికి పడితే వాళ్ళకు ఇయ్యకుండ్రి, చివరి నాలుగు అంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ వాడండి, నెట్ సెంటర్ల కంప్యూటర్లల్ల ఈ-ఆధార్ డౌన్‌లోడ్ చేసుకుంటే పని కాంగనే అన్ని కాపీలు తీసేయండి అని. రెండు రోజులకే దాన్ని వాపస్ తీసుకున్నరు, జనం తప్పుగ అర్థం చేసుకునే అవకాశం ఉందని. వాపస్ అయితే తీసుకున్నరు గని అందుల చెప్పిన పనులు మాత్రం ఇయ్యాల్టికి మంచియే. మాస్క్‌డ్ ఆధార్ అదే వెబ్‌సైట్‌ల దొరుకుతది, డౌన్‌లోడ్ చేసేటప్పుడు ఒక చిన్న టిక్ పెట్టాలె అంతే. లాడ్జిలకు, ఊరికెనే గుర్తింపు అడిగేటోళ్ళకు అది చాలు.

ఈ-ఆధార్ పీడీఎఫ్ ఓపెన్ కావాల్నంటే పాస్‌వర్డ్ అడుగుతది కదా, అదేందో తెలుసా, మీ పేరుల మొదటి నాలుగు ఇంగ్లీష్ అక్షరాలు, తర్వాత పుట్టిన సంవత్సరం. దాచిపెట్టిన రహస్యమేం కాదు, వాళ్ళే రాసి పెట్టిన్రు. అంటే మీ పీడీఎఫ్ ఎవరి చేతిలనన్న పడ్డదనుకోండి, తాళం తీయనీకి వాళ్ళకు కావాల్సినయి మీ పేరు, మీరు పుట్టిన ఏడు. ఆ రెండు ఫేస్‌బుక్‌ల ఉంటయి. "హ్యాపీ ఫిఫ్టియత్ బర్త్‌డే బావా" అని బామ్మర్ది కేకు ఫోటో పెడుతడు, లెక్క ఎక్కం రాని పిల్లగాడు గూడ ఏడు చెప్పేస్తడు. కొన్ని బ్యాంకు స్టేట్‌మెంట్ల పాస్‌వర్డులు గూడ ఇట్లనే పేరు, పుట్టిన తేదీ కలిపి ఉంటయి. ఒక్కో ముక్క ఒక్కోదిక్కు చిన్నగనే కనబడుతది, దీంతోటి ఏమైతది లే అనిపిస్తది. అన్ని కలిపేటోడు ఒకడుంటడు.

కలిపితే ఏమైతదో నా కండ్ల ముంగట చూసిన. మా సెంటర్‌కి ఒక రిటైర్డ్ సార్ వస్తుంటరు, పెన్షన్ పనుల మీద, లైఫ్ సర్టిఫికెట్ మీద, ఏం పని లేకున్నా కూసుండి పేపర్ చదువుకొని పోతరు. ఒకరోజు పదకొండింటికి చెమటలు కక్కుకుంట వచ్చిన్రు, ఫోన్ చెవికి పెట్టుకొనే ఉన్నరు, చేతి సైగ తోని పైసలు పంపాలె, జల్ది అన్నరు. మనిషి వణుకుతున్నరు. నేను ఫోన్ మెల్లగ పక్కకు జరిపి స్పీకర్ మీద చెయ్యి పెట్టి ఏందిసార్ అంటే, మనుమడు హైదరాబాద్‌ల డ్రగ్స్ కేసుల దొరికిండంట, పోలీసోళ్ళు ఫోన్ చేసిన్రు, ఎఫ్‌ఐఆర్ రాయకముందే సెటిల్ చేస్తరంట, ఇంట్ల ఎవరికి చెప్పొద్దన్నరు అని. సార్ దగ్గర నమ్మనీకి కారణం ఉన్నది, ఫోన్ చేసినోనికి మనుమని పేరు తెలుసు, ఇంట్ల పిల్చే ముద్దుపేరు తెలుసు, ఏ కాలేజో ఏ బ్రాంచో తెలుసు, తల్లిదండ్రులు ఏం పని చేస్తరో తెలుసు. ఇన్ని తెలిసినోడు దొంగ ఎట్లైతడు అనేది ఆయన ప్రశ్న. వెనకాల నుంచి పిల్లగాడు ఏడుస్తున్న సప్పుడు గూడ వినిపించిన్రంట.

ఫోన్ కట్ చేయించి పిల్లగానికి చేస్తే స్విచ్ఛాఫ్. అప్పుడు నాకు గూడ గుండె జారింది, అబద్ధం చెప్పను. వాళ్ళమ్మకు చేసినం, ఆమె హాస్టల్ వార్డెన్‌కు చేసింది, అరగంట అయినంక తెలిసింది పిల్లగాడు ల్యాబ్ ఎగ్జామ్‌ల ఉన్నడని, ఫోన్ బయట పెట్టించిన్రని. సార్ ఆ కుర్చీలనే కూలబడి చానా సేపు లేవలే. పైసలు పోలేదు, కానీ ఆ అరగంట ఆయన పడ్డ బాధకు లెక్కేం కడ్తరు.

తర్వాత నేను, సార్ కొడుకు కూసుండి వెతికినం, ఇవన్ని వానికి ఎక్కడ దొరికినయి అని. ఎవ్వరు ఏం హ్యాక్ చేయలే. ముద్దుపేరు పుట్టినరోజు పోస్టుల ఉన్నది, మేనత్త పెట్టింది. కాలేజీ, బ్రాంచ్ సీటు వచ్చిన రోజు నాన్న పెట్టిన అలాట్‌మెంట్ లెటర్ ఫోటోల ఉన్నయి, అందుల హాల్‌టికెట్ నంబర్, తండ్రి పేరు, ర్యాంకు అన్ని సాఫ్‌గ కనబడుతున్నయి. తల్లిదండ్రుల ఉద్యోగాలు ప్రొఫైల్‌లనే రాసి ఉన్నయి. ఫస్ట్ డే కాలేజీ ఫోటోల మెడల ఐడీ కార్డు ఉన్నది, జూమ్ చేస్తే చదవొచ్చు. ఆ ఫోటో కింద "తాతయ్య ఆశీస్సులు" అని సార్‌ను ట్యాగ్ చేసిన్రు. ఇగ సార్ ఫోన్ నంబర్, ఒక సంఘం మెంబర్ల లిస్టు పీడీఎఫ్‌ల ఉన్నది, గూగుల్‌ల పేరు కొడితే వస్తది. ఒక్కొక్కటి ఒక్కొక్కరు ప్రేమతోని పెట్టిందే, మురిపెంతోని పెట్టిందే. పిల్లగాడు మాత్రం ఇందుల ఒక్కటి గూడ పెట్టలే. వాని ఇన్‌స్టా ప్రైవేట్, ఫోటోలు ఏం లేవు. తన జాగ్రత్తల తాను ఉన్నడు, చుట్టూ ఉన్న పెద్దోళ్ళు వాని జీవితం మొత్తం బయట పరిచిపెట్టిన్రు.

అప్పటి సంది నాకు ఒకటే అనిపిస్తది, మనం మన గురించి పెట్టుకునేదానికంటే మన గురించి వేరేటోళ్ళు పెట్టేదే ఎక్కువ. అందుకే జాగ్రత్త అనేది ఒక్కరితోని అయ్యే పని కాదు, ఇంటిల్లిపాది తోని అయ్యే పని. ఇంకొకరి ఫోటో, ఇంకొకరి కాయితం, ఇంకొకరి ముచ్చట పెట్టేముందు వాళ్ళను ఒక్క మాట అడగాలె. మా మేనకోడలు పదో తరగతి, దాని సారీ ఫంక్షన్ అప్పుడు ఫోటోగ్రాఫర్ యూట్యూబ్‌ల లైవ్ పెడ్తమంటే "మామా, వద్దని చెప్పవా, మా క్లాసోళ్ళందరు చూస్తరు" అన్నది నా దగ్గరికి వచ్చి. అక్కతోని మాట్లాడిన, లైవ్ లింక్ ఓన్లీ లింక్ ఉన్నోళ్ళకే కనబడేటట్టు పెట్టించి, ఫంక్షన్ అయినంక వారానికి తీయించినం. దుబాయ్‌ల ఉన్న బావ చూసిండు, పిల్ల మనసు గూడ కష్టపడలే. కరోనా టైంల పెళ్ళిళ్ళకు జనం రాలేక ఈ లైవ్‌లు మొదలైనయి, మంచిగనే పనికొచ్చినయి, కానీ ఆ వీడియోలు ఇయ్యాల్టికి ఫోటోగ్రాఫర్ల ఛానళ్ళల్ల అట్లనే పడి ఉన్నయి, ఇంటిపేర్ల తోని, ఊరి పేర్ల తోని, ఒంటి మీద ఉన్న బంగారం తోని సహా. మీ ఇంట్లది ఉన్నదేమో ఒకసారి చూస్కోండి, అడిగితే ప్రైవేట్ చేస్తరు.

చట్టం ఉన్నది కదా అంటరు కొందరు. ఉన్నది. 2017 ఆగస్టు 24 నాడు సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలు కూసుండి పుట్టస్వామి కేసుల చెప్పిన్రు, గోప్యత ప్రాథమిక హక్కు అని. 2023 ఆగస్టుల డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చింది, 2025 నవంబర్‌ల రూల్స్ వచ్చినయి, కంపెనీల మీద ఉండే అసలు బాధ్యతలకు మాత్రం పద్దెనిమిది నెలల టైం ఇచ్చిన్రు. జరిమానా 250 కోట్ల దాక వేయొచ్చు. మంచిదే, అయితే ఆ చట్టంల రెండు ముచ్చట్లు చానామందికి తెల్వయి. ఒక మనిషి తన ఇంటి అవసరానికి, సొంతానికి వాడుకునే సమాచారం ఈ చట్టం కిందికి రాదు. ఇంకోటి, మన వివరాలు మనమే అందరు చూసేటట్టు బయట పెడితే దానికి గూడ ఈ చట్టం వర్తించది. అంటే పబ్లిక్ పోస్టు పెట్టిన్నాడు మన చేతులతోని మనమే ఆ రక్షణను పక్కకు పెట్టినట్టు. అట్లనే పద్దెనిమిదేండ్లు నిండని పిల్లల డేటా తీసుకోవాల్నంటే కంపెనీలు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలంటది చట్టం, ఆ తల్లిదండ్రులే పిల్లల ఫోటోలు పెడితే పిల్లలు ఎవరికి చెప్పుకోవాలె?

వేలిముద్రల గురించి గూడ చెప్పాలె, ఇది మన దిక్కుదే. 2018ల పెద్దపల్లి జిల్లా ధర్మారంల సిమ్ములు అమ్మేటోడు ఒకడు దొరికిండు. రిజిస్ట్రేషన్ వెబ్‌సైట్‌ల భూమి దస్తావేజులు ఉంటయి కదా, వాటిల జనం వేలిముద్రలు, ఆధార్ నంబర్లు గూడ ఉంటయి, అవి డౌన్‌లోడ్ చేసుకొని, రబ్బర్ స్టాంపులు చేసే మిషన్ తోని వేలిముద్రలు తయారుచేసి, వాటితోని వేల సిమ్ములు యాక్టివేట్ చేసిండు. ఎందుకంటే సిమ్ములు అమ్మే టార్గెట్ కోసం! భూమి కొనుక్కున్నోడు, అమ్ముకున్నోడు చేసిన తప్పేం లేదు ఇందుల, ఆఫీస్‌ల వేలు పెట్టమంటే పెట్టిన్రు. ఆ తర్వాత ఇదే పద్ధతిల ఏఈపీఎస్ తోని, అంటే ఆధార్ మీద వేలు పెట్టి బ్యాంకు పైసలు తీసే పద్ధతి తోని, ఖాతాల నుంచి పైసలు తీసిన కేసులు గూడ రెండు తెలుగు రాష్ట్రాలల్ల వచ్చినయి, దానికి ఓటీపీ అడగదు, ఆధార్ నంబర్, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు.

దీనికి చేసే పని ఒకటున్నది. ఆధార్ యాప్‌ల గని, వెబ్‌సైట్‌ల గని బయోమెట్రిక్ లాక్ అని ఉంటది, అది పెట్టుకుంటే మీ వేలిముద్రతోని ఎవ్వరు ఏం చేయలేరు. కానీ ఇంట్ల పెద్దోళ్ళకు పెట్టేటప్పుడు జర ఆలోచించుండ్రి, పింఛన్ తీసుకునే దగ్గర, రేషన్ షాపుల వేలు గని, మొఖం గని చూపియ్యాల్సి వస్తది, లాక్ ఉంటే మిషన్ తీసుకోదు, ముసలవ్వ ఎండల నిలబడి వాపస్ రావాల్సొస్తది. వాళ్ళ పని రోజు తెలుసు కాబట్టి ఆ పొద్దు లాక్ తీసి, అయినంక మళ్ళ పెట్టే మనిషి ఇంట్ల ఉంటేనే పెట్టుండ్రి. అట్లనే మీ పేరు మీద ఎన్ని సిమ్ములున్నయో కేంద్ర సర్కార్ వాళ్ళ సంచార్ సాథీ పోర్టల్‌ల మీ నంబర్ కొట్టి ఓటీపీ పెడితే చూపిస్తది, మీది కాని నంబర్ ఉంటే అక్కడనే రిపోర్ట్ కొట్టొచ్చు. మా దగ్గర చూసుకున్నోళ్ళల్ల ఎన్నడు వినని నంబర్లు బయటపడ్డోళ్ళు ఉన్నరు.

కాయితం మీద ఉన్నది గూడ ఇదే లెక్క. సర్కార్ పథకాల కోసం పెట్టిన ప్రజాపాలన దరఖాస్తులు యాదున్నయా, 2023 డిసెంబర్ ఆఖరుల మొదలై జనవరి 6 దాక తీసుకున్నరు, మా సెంటర్ల ముంగట అప్పుడు తిరునాళ్ళే. ఆ జనవరిలనే హైదరాబాద్ బాలానగర్ ఫ్లైఓవర్ మీద ఆ ఫారాలు బండి మీదికెళ్ళి జారి రోడ్డు మీద పడ్డ వీడియో అందరు చూసిన్రు. ఆధార్ నంబర్, ఫోన్ నంబర్, ఇంట్ల ఎవరెవరున్నరు, అన్ని. ఆ వీడియో చూసి నాకు కోపం కంటే బాధ ఎక్కువైంది, ఎందుకంటే ఆ ఫారాలు నింపిన చేతులు మాయి, నమ్మి చెప్పిన నోళ్ళు వాళ్ళయి.

ఇగ నేను రోజు చూసే దాంట్ల అన్నిటికంటే నన్ను సతాయించేది పిల్లల ఈమెయిల్ ముచ్చట. ఇంటర్ అయిపోయిన పిల్ల డిగ్రీ సీటు కోసం డోస్ట్ రిజిస్ట్రేషన్‌కు వస్తది, మెయిల్ ఐడీ ఏందమ్మా అంటే తెల్వదంటది. పదో తరగతిల ఎక్కడనో నెట్ సెంటర్‌ల చేసిన్రు, పాస్‌వర్డ్ వాళ్ళకే తెలుసు, రికవరీ నంబర్ గూడ వాళ్ళదే. ఆ మెయిల్‌కు ఆ పిల్ల స్కాలర్‌షిప్ కలిపి ఉంటది, ఎప్‌సెట్ కలిపి ఉంటది, రేపు బ్యాంకు గూడ అదే ఇస్తది. మెయిల్ చేతిల ఉన్నోనికి మిగతా పాస్‌వర్డులన్ని మార్చే దారి దొరికినట్టే, ఫర్గాట్ పాస్‌వర్డ్ కొడితే లింక్ అక్కడికే పోతది. పిల్ల మెయిల్ ఎవరిదో పరాయి మనిషి చేతిల ఉంటది, ఆ మనిషి మంచోడే కావొచ్చు, రేపు ఆ సెంటర్ మూతపడితే, ఆ నంబర్ బంద్ అయి ఇంకొకరికి పోతే?

ఇంకో బాధ, కొన్ని కాలేజీలోళ్ళు ఊర్లల్ల తిరిగి పిల్లల ఆధార్ కాపీలు తీసుకొని, ఓటీపీ చెప్పించుకొని వాళ్ళే డోస్ట్‌ల ఆప్షన్లు పెట్టేస్తరు, తమ కాలేజీ ఒక్కటే. పర్కాల దిక్కు నుంచి వచ్చిన ఒక పిల్ల మంచి మార్కులు పెట్టుకొని గూడ అట్ల ఇరుక్కున్నది, తనకు కాకతీయ యూనివర్సిటీ దగ్గర ప్రభుత్వ కాలేజీల చదవాలని ఉండె. ఓటీపీ అంటే పైసలు పోయేదే అనుకున్నరు ఇంట్ల, "మా ఖాతల పైసలే లేవు కదా బిడ్డా, చెప్తే ఏమైతది" అన్నదంట వాళ్ళమ్మ. సంవత్సరం చదువు పోయేదాక వచ్చింది. తర్వాత ఫేజ్‌ల మళ్ళ ఆప్షన్లు పెట్టి ఎట్లనో బయటపడ్డది, ఆమె డోస్ట్ పిన్ నంబర్ ఆమె చేతికి రానీకే అందరం కలిసి తిరగాల్సొచ్చింది.

ఎవరికైనా పైసలు పోయే మోసం జరిగితే 1930కి వెంటనే ఫోన్ చేయండి, ఎంత జల్ది చేస్తే ఆ పైసలు ఆపే అవకాశం అంత ఎక్కువ. ఇది అందరు చెప్పేదే, అయినా చెప్తున్న, ఎందుకంటే సిగ్గుపడి రెండు మూడు రోజులు దాచుకొని అప్పుడు వచ్చేటోళ్ళు ఇంకా ఉన్నరు. ఇండ్ల తాళాలేసి ఊరికి పోయేటప్పుడు స్టేటస్‌లు పెట్టకుండ్రి, మేడారం జాతర ఫోటోలు ఇంటికొచ్చినంక పెట్టుకున్నా దేవతలేం కోపం చేయరు. వాట్సాప్‌ల లింక్డ్ డివైసెస్ అని ఉంటది, నెలకొకసారి తెరిచి చూడుండ్రి, ఎప్పుడో ఎవరి కంప్యూటర్‌లనో స్కాన్ చేసి మర్చిపోయిన లాగిన్ ఉంటే అక్కడనే తీసేయొచ్చు. ఫోటో డాక్యుమెంట్ లెక్క పంపితే అది ఎక్కడ తీసిందో లొకేషన్ గూడ దాంట్ల పోవచ్చు, మామూలు ఫోటో లెక్క పంపితే వాట్సాప్ అది తీసేస్తది, ఇది ఇంట్ల చిన్నపిల్లలున్నోళ్ళు యాదికుంచుకోండి.

ఈసారి ఇంటర్ రిజల్ట్స్ రాంగనే వచ్చే పిల్లలకు ఇప్పుడే చెప్తున్న, సొంత ఫోన్ గని, అమ్మనాన్న ఫోన్ గని పట్టుకొని రండి. మెయిల్ మీ చేతులతోనే తెరుద్దాం, పాస్‌వర్డ్ మీరే పెట్టండి, నేను అటు తిరుగుత. రికవరీ నంబర్ మీ ఇంటిదే ఇద్దాం. పాత మెయిల్ ఎవరి దగ్గరనో ఉంటే దాన్ని ఎట్ల వాపస్ తీసుకోవాల్నో, ఎక్కడెక్కడ నంబర్ మార్చాల్నో ఒక్కొక్కటి చేద్దాం, టైం పడితే పట్టనీ, దానికి పైసలేం తీసుకోను. ఎనక లైన్ల ఉన్నోళ్ళకు నేను చెప్పుకుంట.